చాట్‌బాట్‌కు నాలెడ్జ్ గ్రాఫ్ నిజంగా కావాలా? కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

రవళి_కె:
అందరికీ నమస్కారం. ప్రింటర్లు తయారుచేసే ఒక సంస్థ కోసం మా టీమ్ సహాయక బాట్ చేస్తోంది. మాన్యువళ్లు, సర్వీసు నోట్లు అన్నీ ముక్కలు చేసి, ఎంబెడింగులు (అర్థాన్ని అంకెల్లోకి మార్చిన రూపాలు) తీసి, వెక్టర్ డేటాబేస్‌లో పెట్టాం. ప్రశ్న రాగానే దగ్గరి ముక్కలు వెతికి ఎల్ఎల్ఎం (జవాబు రాసే పెద్ద భాషా మోడల్) చేతికిస్తాం. "కాగితం ఇరుక్కుంది, ఏం చేయాలి" లాంటి వాటికి చక్కగా చెబుతోంది. "ఈ ఫ్యూజర్ నా టీ-40కి సరిపోతుందా", "కొత్త ఫర్మ్‌వేర్ వేశాక పాత ట్రే పనిచేస్తుందా" అని అడిగితే మాత్రం ధైర్యంగా తప్పు చెబుతోంది. ఫ్యూజర్ అంటే టోనర్‌ను వేడితో కాగితానికి అంటించే భాగం. టీ-40, టీ-40ఎస్ వేర్వేరు ప్రింటర్ మోడళ్లే అయినా, వాటి గురించిన పేరాలు వెక్టర్ లెక్కలో పక్కపక్కనే కూర్చుంటాయి మరి.

మేనేజర్ గారు ఎక్కడో చదివి "నాలెడ్జ్ గ్రాఫ్ పెట్టేయండి" అన్నారు. వస్తువులను నోడ్లుగా, వాటి మధ్య సంబంధాలను ఎడ్జ్‌లుగా రాసిపెట్టే వల అని మాత్రం తెలుసు. పెట్టేయడం అంటే అసలేం చేయాలో తెలుసుకుందామని ఇక్కడికొచ్చాను. మాన్యువళ్ల నుంచి ఎల్ఎల్ఎంతోనే గ్రాఫ్ తీయించవచ్చా? గ్రాఫ్‌ను రాసే రెండు పద్ధతుల్లో ఆర్‌డీఎఫ్ మంచిదా, ప్రాపర్టీ గ్రాఫ్ మంచిదా? కట్టాక సంభాషణలో ఎలా వాడతారు? చేసి చూసినవాళ్లు చెప్పండి.

పాతకాపు:
రవళి గారూ, ముందు కొంచెం పాత కథ. దీని వల్ల మీకు డబ్బు, సమయం రెండూ మిగులుతాయి.

లోకజ్ఞానం మొత్తాన్ని నియమాలుగా రాసి యంత్రానికి ఇవ్వాలని డగ్లస్ లెనాట్ 1984లో సైక్ ప్రాజెక్టు మొదలుపెట్టారు. దశాబ్దాలు రాస్తూనే ఉన్నారు. 2001లో టిమ్ బెర్నర్స్-లీ తదితరులు సెమాంటిక్ వెబ్ అన్నారు. వెబ్ పేజీలన్నీ యంత్రాలకు అర్థమయ్యేలా రాస్తే ఏజెంట్లు మన పనులు చేసిపెడతాయని ఆశ. అది అనుకున్నంత జరగలేదు. 2012లో గూగుల్ తన సెర్చ్ వెనక నాలెడ్జ్ గ్రాఫ్ పెట్టినప్పుడు ఆ మాట అందరి నోళ్లలో పడింది. అప్పటికే 50 కోట్లకు పైగా వస్తువులు, 350 కోట్లకు పైగా వాస్తవాలు అందులో ఉన్నాయని చెప్పారు.

గూగుల్‌కు పనికొచ్చింది ఎందుకంటే, వాళ్ల దగ్గర జనం అడిగే ప్రశ్నలు ముందే ఉన్నాయి. దేని గురించి అడుగుతున్నారో, ఏ వివరం కావాలంటున్నారో చూసి ఆ వివరమే పక్కన పెట్టెలో చూపించారు. మీరూ ముందు బాట్ లాగ్‌లు తీయండి. జవాబు ఒకే పేరాలో దొరికే ప్రశ్నలన్నీ పక్కన పెట్టేయండి, వాటికి గ్రాఫ్ దండగ. రెండు మూడు చోట్ల ఉన్న సంగతులు కలిపితే తప్ప జవాబు రానివి ఎన్ని మిగిలాయో చూడండి. మీ గ్రాఫ్‌లో ఏముండాలో ఆ మిగిలినవే చెబుతాయి.

వెక్టర్‌వీరుడు:
నేను కాస్త అడ్డం మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు. ఏ పార్టు ఏ మోడల్‌కు సరిపోతుందనేది ఆ సంస్థ దగ్గర ఎక్కడో ఒక పట్టికలో ఉండి తీరుతుంది. లేకపోతే విడిభాగాలు ఎలా అమ్ముతున్నారు? ఆ పట్టికను మామూలు డేటాబేస్‌లో పెట్టి, "పార్టు సరిపోతుందా" అని ఒక ఫంక్షన్ రాసి, ఎల్ఎల్ఎంకు టూల్‌గా ఇచ్చేస్తే సరిపోదా? దీనికి గ్రాఫ్ అనే పెద్ద పేరు ఎందుకు? దాంతోపాటు వెతకడంలో కీవర్డ్ సెర్చ్ కూడా కలిపి, దొరికినవాటిని మళ్లీ వరుసపెట్టే రీర్యాంకర్ ఒకటి పైన పెడితే టీ-40, టీ-40ఎస్ గొడవ చాలావరకు తగ్గుతుంది. మోడల్ నంబర్ల విషయంలో ఎంబెడింగుల కంటే పాతకాలపు కీవర్డ్ సెర్చే నయం.

రవళి_కె:
వీరుడు గారూ, మీరన్నదే మేమూ మొదట అనుకున్నాం. పట్టిక ఉంది, కాకపోతే మూడు ఉన్నాయి. అమ్మకాల వాళ్లది ఒకటి, సర్వీసు వాళ్లది ఒకటి, తయారీ వాళ్లది ఇంకొకటి. ఒకే ఫ్యూజర్‌కు మూడు చోట్లా మూడు కోడ్‌లు. సర్వీసు పట్టికలో "టీ-40 సిరీస్" అని ఉంటుంది, అందులో టీ-40ఎస్ వస్తుందో రాదో ఎవరినడిగితే ఆ మాట. కస్టమర్లేమో టోనర్ కార్ట్రిడ్జ్‌ను "ఇంకు డబ్బా" అంటారు.

సింధు_లింక్స్:
రవళి గారు పైన చెప్పిందే అసలు సమస్య. గ్రాఫ్ డేటాబేస్ కొనడం, ఇన్‌స్టాల్ చేయడం, అందమైన బుడగల బొమ్మ చూపించడం ఇవన్నీ తేలిక. "ఇదీ అదీ ఒకటేనా" అని తేల్చడమే కష్టం. దీన్ని ఎంటిటీ రిజల్యూషన్ అంటారు. నేను చూసిన ప్రాజెక్టుల్లో సగానికి పైగా సమయం దీనికే పోయింది.

మొదటి సంగతి. పేరును ఐడీగా వాడకండి. మీ పార్టు కోడ్‌ను కూడా వాడకండి, ఎందుకంటే కోడ్‌లు మారతాయి, ఒక్కోసారి పాత కోడ్‌ను కొత్త వస్తువుకు ఇచ్చేస్తారు. అందరూ కలిసి నింపే ఉచిత డేటాబేస్ వికీడేటాలో భూమికి క్యూ2 అని ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరుకు అర్థమంటూ ఏమీ లేదు, దాని బలం అదే. ఏ భాషలో ఏ పేరుతో పిలిచినా, పేరు మారినా, నంబరు మారదు. పేర్లన్నీ ఆ నంబరుకు తగిలించిన లేబుళ్లు, మారుపేర్లు. మీ "ఇంకు డబ్బా" కూడా టోనర్ కార్ట్రిడ్జ్ నోడ్‌కు ఒక మారుపేరుగా చేరాలి. మారుపేరు ఎక్కడిదో కూడా రాసుకోండి: కస్టమర్ల మాటా, సర్వీసు వాళ్ల మాటా, పాత కేటలాగ్ మాటా. జవాబు ఇచ్చేటప్పుడు కస్టమర్ వాడిన మాటతోనే ఇవ్వొచ్చు.

ఒకే పేరుకు రెండు మూడు వస్తువులు ఉండటం దీనికి తిరగేసిన సమస్య. జావా అంటే దీవి, జావా అంటే ప్రోగ్రామింగ్ భాష. వాక్యంలో పక్కనున్న మాటలు చూసి ఏ నోడో తేల్చాలి. అది ఎంటిటీ లింకింగ్. అక్కడ గ్రాఫే సాయం చేస్తుంది: వాక్యంలో "కంపైలర్" అని ఉంటే, గ్రాఫ్‌లో కంపైలర్‌కు దగ్గరున్న జావా ఏదో చూస్తే చాలు.

ఇక జాగ్రత్త పడాల్సింది విలీనాల దగ్గర. ఎ, బి ఒకటే అని ఒకరు, బి, సి ఒకటే అని ఇంకొకరు అంటే, ఎ, సి కూడా ఒకటైపోతాయి. ఎక్కడో ఒక తప్పు ముడి పడితే గొలుసుకట్టుగా అన్నీ ఒకే ముద్ద అవుతాయి. ఆర్‌డీఎఫ్ లోకంలో రెండూ ఒకటే అని చెప్పే "సేమ్‌యాజ్" లింకును ఇష్టమొచ్చినట్టు వాడి జరిగింది ఇదే. అందుకని నోడ్లను నిజంగా కలిపేయకండి. మూడు పట్టికల్లోని మూడు రికార్డులూ అలాగే ఉండనిచ్చి, వాటి పైన ఒక ఉమ్మడి నోడ్ పెట్టి, "ఈ రికార్డు ఈ నోడ్‌కు చెందింది, ఫలానా కారణంతో" అని ఎడ్జ్ వేయండి. రేపు తప్పని తేలితే ఆ ఒక్క ఎడ్జ్ తీసేస్తారు. కలిపేసిన నోడ్లను విడదీయడం మాత్రం నరకం.

వీరుడు గారూ, ఇదంతా చేశాక దాన్ని మామూలు పట్టికల్లో పెట్టినా నాకేం అభ్యంతరం లేదు. గ్రాఫ్ అనేది ముందు ఆలోచనా పద్ధతి, స్టోరేజీ తర్వాతి మాట.

విద్యార్థి_2:
మధ్యలో వస్తున్నందుకు సారీ. ట్రిపుల్ అంటే "ప్లూటో — రకం — మరుగుజ్జు గ్రహం" లాంటి మూడు ముక్కల వాక్యం అని అర్థమైంది. ఆంటాలజీ అంటే ఏ రకాల నోడ్లుంటాయి, ఏ రకాల ఎడ్జ్‌లుంటాయి అని ముందే రాసుకునే ఒప్పందం, అంతేనా? అయితే "టీ-40" అనేది రకమా, వస్తువా?

పాతకాపు:
విద్యార్థి గారూ, మంచి ప్రశ్న పట్టుకున్నారు. దీని దగ్గర అనుభవజ్ఞులు కూడా తడబడతారు.

కస్టమర్ బల్లమీదున్న ప్రింటర్ ఒక వస్తువు, దానికి సీరియల్ నంబరుంది. టీ-40 ఒక మోడల్. లేజర్ ప్రింటర్ ఒక తరగతి. మూడు వేరు. "నా టీ-40కి వారంటీ ఉందా" అంటే ఆ ఒక్క వస్తువు గురించి. "టీ-40 నిమిషానికి ఎన్ని పేజీలు" అంటే మోడల్ గురించి. రెండిటినీ ఒకే నోడ్‌గా పెడితే, ఒక కస్టమర్ ఫ్యూజర్ మార్పించుకున్నాడని రాస్తే అది అందరి టీ-40లకూ అంటుకుంటుంది. వికీడేటాలో "దీనికి ఉదాహరణ" అన్న సంబంధానికి పీ31, "దీనికి ఉపతరగతి" అన్నదానికి పీ279 అని వేర్వేరు నంబర్లు ఉన్నాయి. అక్కడ కూడా రాసేవాళ్లు ఈ రెండిటినీ తారుమారు చేస్తూనే ఉంటారు.

రవళి గారి "టీ-40 సిరీస్" కూడా ఇలాంటిదే. దాన్ని మోడల్‌గా పెట్టకండి. సిరీస్ అనే వేరే నోడ్ పెట్టి, అందులో ఏ మోడళ్లు ఉన్నాయో తయారీ వాళ్లతో సంతకం పెట్టించుకోండి. బాట్ కంటే ముందు ఆ సంస్థకే ఉపయోగపడుతుంది.

గ్రాఫ్‌పిచ్చి:
ఆర్‌డీఎఫ్ మంచిదా, ప్రాపర్టీ గ్రాఫ్ మంచిదా అన్నదానికి నా మాట. దీనిమీద పోట్లాడుకోవడం మా వర్గానికి సరదా కానీ, రవళి గారి పనికి అంత తేడా పడదు.

ఆర్‌డీఎఫ్ 1999 నుంచి వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూత్రీసీ ప్రమాణం. దాన్ని ప్రశ్నించే భాష స్పార్కిల్, 2008లో ప్రమాణమైంది. బయటి డేటాతో కలపాలన్నా, నలుగురితో పంచుకోవాలన్నా ఇది హాయి. డేటా ఆకారం సరిగ్గా ఉందో లేదో చూడటానికి షాకల్ అని 2017లో వచ్చింది, అది మాత్రం తప్పక చూడండి. ప్రాపర్టీ గ్రాఫ్‌లో, అంటే నియోఫోర్‌జే లాంటి వాటిలో, ఎడ్జ్ మీదే వివరాలు రాయొచ్చు. "ఈ ఫ్యూజర్ ఈ మోడల్‌కు సరిపోతుంది" అన్న ఎడ్జ్ మీదే "ఫలానా తేదీ నుంచి, ఫలానా పత్రం ప్రకారం" అని పెట్టేయొచ్చు. పాత ఆర్‌డీఎఫ్‌లో ఒక వాక్యం గురించి ఇంకో వాక్యం చెప్పాలంటే చుట్టుతిరుగుడు ఎక్కువ. వాళ్లూ ఇప్పుడు దాన్ని సరిచేసుకుంటున్నారు. ప్రాపర్టీ గ్రాఫ్ వైపు ప్రశ్నలు రాసే సైఫర్ భాష జనానికి బాగా అలవాటైంది. దాని పోలికలున్న జీక్యూఎల్ 2024లో ఐఎస్ఓ ప్రమాణంగా వచ్చింది.

మీది సంస్థ లోపలి డేటా కాబట్టి ప్రాపర్టీ గ్రాఫ్‌తో మొదలుపెట్టండి. కొన్ని లక్షల ఎడ్జ్‌ల లోపే అయితే పోస్ట్‌గ్రెస్ లాంటి మామూలు డేటాబేస్‌లో రెండు పట్టికలు పెట్టినా నడుస్తుంది. దీనిమీద నెల రోజులు మీటింగులు పెట్టుకోకండి.

కాలయంత్రం:
ఎడ్జ్ మీద తేదీలు అన్న మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. చాలామంది వదిలేసేది ఇదే, తర్వాత బాట్ పరువు తీసేదీ ఇదే.

ప్లూటోను 1930లో కనుగొన్నారు. 2006 ఆగస్టులో అంతర్జాతీయ ఖగోళ సంఘం మరుగుజ్జు గ్రహాల జాబితాలోకి మార్చింది. ఇప్పుడు గ్రాఫ్‌లో "ప్లూటో — రకం — గ్రహం" అన్న ఎడ్జ్‌ను తుడిచేస్తే, "1990లో సౌరకుటుంబంలో ఎన్ని గ్రహాలని పుస్తకాల్లో ఉండేది" అన్న ప్రశ్నకు బాట్ ఎనిమిది అంటుంది. తుడవకుండా రెండూ ఉంచేస్తే, ఇవాళ అడిగినా తొమ్మిది అనొచ్చు. పాతది ఉండాలి, ఎప్పటివరకు చెల్లిందో దానిమీద రాసి ఉండాలి. వికీడేటాలో ప్రతి వాక్యానికీ మొదలైన తేదీ, ముగిసిన తేదీ తగిలించవచ్చు. దానికి తోడు ప్రాధాన్య, మామూలు, తప్పని తేలిన అని మూడు హోదాలు.

మీ దగ్గర రెండు రకాల తేదీలు కావాలి. సంగతి ఎప్పటి నుంచి నిజం అన్నది ఒకటి, అది మన గ్రాఫ్‌లోకి ఎప్పుడు వచ్చింది అన్నది రెండోది. కస్టమర్ వచ్చి "పోయిన నెల మీ బాటే సరిపోతుందని చెప్పింది" అని గొడవ చేస్తే, ఆ రోజున గ్రాఫ్‌లో ఏముందో చూడాలంటే రెండోదే దిక్కు.

ప్రతి ఎడ్జ్‌కూ మూలం కూడా ఉండాలి. ఏ పత్రం, ఏ పేజీ, ఏ సంచిక. "సర్వీసు మాన్యువల్ మూడో సంచిక, 112వ పేజీ ప్రకారం" అని బాట్ చెప్పగలిగితే, తప్పు చెప్పినా ఎక్కడ దిద్దాలో తెలుస్తుంది.

రవళి_కె:
చాలా ఉపయోగంగా ఉంది. ఇంతకీ ఎల్ఎల్ఎంతో తీయించే మాటెవరూ ఎత్తలేదు. మా దగ్గర మాన్యువళ్లు వేల పేజీలు. చేత్తో ఎవరు ఎక్కిస్తారు?

సింధు_లింక్స్:
తీయించవచ్చు, తీయిస్తున్నారు కూడా. స్వేచ్ఛగా వదిలేయకూడదు, అంతే. "ఈ పేజీలోని సంబంధాలన్నీ తీసి ఇవ్వు" అంటే ఒక పేజీలో "సరిపోతుంది" అని, ఇంకో పేజీలో "అనుకూలం" అని, మరోదాంట్లో "తో పనిచేస్తుంది" అని ఇస్తుంది. వారం తిరిగేసరికి వందల రకాల ఎడ్జ్‌లు, దేన్నీ ప్రశ్నించలేరు. మీకు కావలసిన సంబంధాల పట్టీ మీరే ఇవ్వాలి, చిన్నదిగా. పట్టీలో లేనిది కనిపిస్తే "ఇతరం" అని పక్కన పెట్టమనాలి. ఆ పక్కన పెట్టినవి అప్పుడప్పుడు చదివితే పట్టీలో ఏం చేర్చాలో తెలుస్తుంది.

అంతకంటే ప్రమాదకరమైనవి రెండున్నాయి. మొదటిది, "లేదు, కాదు, వాడరాదు" అన్నవి జారిపోవడం. "ఈ ఫ్యూజర్‌ను టీ-40ఎస్‌లో వాడరాదు" అన్న వాక్యంలో ఫ్యూజర్ ఉంది, టీ-40ఎస్ ఉంది, మధ్యలో వాడకం గురించి ఏదో ఉంది. ఎక్కువ పేజీలు ఒకేసారి తోస్తే అది "వాడవచ్చు" అన్న ఎడ్జ్‌గా వచ్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అందుకే "సరిపోదు" అన్నదాన్ని పట్టీలో విడిగా ఒక సంబంధంగా పెట్టండి. అది ఉంటే ఎల్ఎల్ఎం దాన్ని వెతుకుతుంది.

రెండోది, షరతులు రాలిపోవడం. "అడాప్టర్ ఉంటేనే, ఫర్మ్‌వేర్ 3.2 లేదా ఆ పైది అయితేనే ఈ ట్రే పనిచేస్తుంది" అన్న వాక్యం రెండు నోడ్ల మధ్య ఒక గీతలో ఇమడదు. ట్రే, మోడల్, అడాప్టర్, ఫర్మ్‌వేర్ నాలుగూ కలిసిన ఒక సంగతి అది. అలాంటప్పుడు "సరిపోలిక" అనే ఒక నోడ్‌నే సృష్టించి, మిగతా నాలుగిటినీ దానికి కలపండి. బొమ్మ కొంచెం చిక్కగా కనిపిస్తుంది కానీ సత్యం ఉంటుంది. బాట్ కూడా "పనిచేస్తుంది, అయితే మీ ఫర్మ్‌వేర్ ఏదో చూడాలి" అనగలుగుతుంది.

ఇక నమ్మకం సంగతి. ప్రతి ఎడ్జ్‌తో పాటు అది ఏ వాక్యంలోంచి వచ్చిందో ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఇమ్మనండి. ఆ వాక్యం నిజంగా పేజీలో ఉందో లేదో మామూలు ప్రోగ్రామ్‌తో సరిచూడండి, దీనికి ఏఐ అక్కర్లేదు. లేకపోతే ఆ ఎడ్జ్ చెత్తబుట్టకే. ఉన్నవాటిలో ప్రమాదమున్న రకాలను, అంటే తప్పైతే వస్తువు పాడయ్యేవాటిని, మనిషి చూడాలి. మిగతావి నమూనాగా చూస్తే చాలు.

వెక్టర్‌వీరుడు:
గ్రాఫ్‌ర్యాగ్ సంగతి? మైక్రోసాఫ్ట్ వాళ్లు 2024లో బయటపెట్టినప్పటి నుంచి ప్రతి వీడియోలో అదే. దాన్ని తెచ్చి మాన్యువళ్ల మీద నడిపేస్తే ఈ శ్రమంతా తప్పుతుంది కదా?

గ్రాఫ్‌పిచ్చి:
తప్పదు, అది తీర్చే అవసరం వేరు. పాఠంలోంచి ఎల్ఎల్ఎంతో నోడ్లు, సంబంధాలు తీసి, లైడెన్ అనే అల్గారిథమ్‌తో దగ్గరదగ్గరగా ముడిపడినవాటిని గుంపులు చేసి, ఒక్కో గుంపుకు ముందే సారాంశం రాయించి పెడుతుంది. "ఈ వెయ్యి ఫిర్యాదుల్లో ముఖ్యంగా ఏయే గొడవలున్నాయి" లాంటి మొత్తాన్ని చూసి చెప్పాల్సిన ప్రశ్నలకు బాగుంటుంది. మామూలు వెక్టర్ సెర్చ్ అక్కడ చేతులెత్తేస్తుంది, ఎందుకంటే జవాబు ఏ ఒక్క ముక్కలోనూ ఉండదు. ఫ్యూజర్ సరిపోతుందా లేదా అన్నదానికి సారాంశం ఏం చేస్తుంది? పైగా సూచిక కట్టేటప్పుడే బోలెడు ఎల్ఎల్ఎం కాల్స్, ఖర్చు. సర్వీసు వాళ్లకు నెలవారీ ఫిర్యాదుల విశ్లేషణ కావాలంటే అప్పుడు చూడండి.

కబుర్లబండి:
నేను డైలాగ్ వైపు పనిచేస్తాను. ఇంతమంది గ్రాఫ్ కట్టడం గురించే మాట్లాడారు, మాట్లాడటం గురించి ఎవరూ మాట్లాడలేదు 🙂

1966లో వచ్చిన ఎలైజా అనే చాట్ ప్రోగ్రామ్‌కు ఏమీ తెలియదు, మనం అన్నదాన్నే తిప్పి అడిగేది. కొన్నేళ్లకే టెర్రీ వినోగ్రాడ్ చేసిన ష్రడ్‌లూ వచ్చింది. బల్లమీద కొన్ని దిమ్మెలు, పిరమిడ్లు, అంతే దాని లోకం. కానీ "దానిమీదున్నది తియ్యి" అంటే ఏది, దేనిమీద అన్నది దానికి తెలుసు, ఎందుకంటే మాటలను ఆ చిన్న లోకంలోని వస్తువులకు ముడిపెట్టేది. స్పష్టంగా లేకపోతే ఎదురడిగేది. ఇవాళ్టి ఎల్ఎల్ఎం ఎలైజా కంటే కోటిరెట్లు బాగా మాట్లాడుతుంది. ష్రడ్‌లూకున్న ఆ పట్టు తెచ్చేది మాత్రం గ్రాఫే.

ఆచరణలో ఎలాగంటే, సంభాషణ నడుస్తున్నంతసేపూ ప్రస్తావనకు వచ్చిన నోడ్ల ఐడీలు పక్కన రాసి పెట్టుకోండి. కస్టమర్ "దానికి వేరే ట్రే ఉందా" అంటే, "దానికి" ఏ ఐడీయో తేలాకే గ్రాఫ్‌ను అడగండి. చాట్ చరిత్ర మొత్తం ఎల్ఎల్ఎంకు తోసి అదే చూసుకుంటుందిలే అనుకుంటే, సంభాషణ పొడవయ్యేకొద్దీ టీ-40 కాస్తా టీ-40ఎస్ అయిపోతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉపయోగం ఎదురు ప్రశ్న. కస్టమర్ "నా ప్రింటర్‌కు టోనర్ కావాలి" అన్నాడు. గ్రాఫ్‌లో పన్నెండు మోడళ్లు మిగిలాయి. బాట్ "మీ మోడల్ ఏది" అంటే ఆయనకు తెలియదు, స్టిక్కరు వెనకెక్కడో ఉంటుంది. ఆ పన్నెండిటినీ వేరుచేసే గుణం ఏదో గ్రాఫ్‌ను అడగండి. రంగు ప్రింటరా కాదా అన్నదానితో సగం పోతాయనుకోండి, అదే అడగాలి, ఎందుకంటే అది కంటికి కనిపించే గుణం. ఒక్కో గుణానికి "కస్టమర్ చూసి చెప్పగలడా" అని ఒక గుర్తు పెట్టుకుంటే, రెండు మూడు ప్రశ్నల్లో అసలు మోడల్ దగ్గరికి వచ్చేస్తారు. ఒకవేళ మిగిలిన నాలుగు మోడళ్లకూ ఒకే టోనర్ అయితే, ఇక అడగడమే అనవసరం, జవాబు చెప్పేయొచ్చు. వట్టి వెక్టర్ సెర్చ్‌తో ఈ లెక్క తేలదు.

రవళి_కె:
కబుర్లబండి గారూ, మీ ఎదురు ప్రశ్న ఆలోచన మా మేనేజర్‌కు చూపించాను, ఎగిరి గంతేశారు. మరి గ్రాఫ్‌ను అడిగే క్వెరీ ఎవరు రాయాలి? ఎల్ఎల్ఎంతో సైఫర్ రాయించడమేనా?

కబుర్లబండి:
అన్నీ దానితో రాయించకండి. ఎడ్జ్ దిశ తిప్పేయడం, లేని సంబంధం పేరు కల్పించడం మామూలే. లేని పేరైతే స్కీమాతో (గ్రాఫ్‌లో ఏయే రకాలుండాలో రాసిన పట్టీతో) పోల్చి పట్టేయొచ్చు. దిశ తిరిగితే క్వెరీ ఏ తప్పూ చూపించకుండా నడిచి ఖాళీ చేతులతో వస్తుంది, అది పట్టుకోవడం కష్టం. లాగ్‌లలో తరచుగా వచ్చే ప్రశ్నలకు క్వెరీలు మనమే రాసి ఉంచాలి, ఎల్ఎల్ఎం వాటిలో ఖాళీలు పూరిస్తే చాలు. ఎప్పుడో వచ్చే వింత ప్రశ్నలకు మాత్రం దాన్ని రాయనివ్వండి, చదివే హక్కు మాత్రమే ఇచ్చి, సమయ పరిమితి పెట్టి. వికీడేటా క్వెరీ సర్వీసు కూడా 60 సెకన్లు దాటితే ఆపేస్తుంది.

కాలయంత్రం:
ఆ "ఖాళీ చేతులు" అన్నచోట ఒక్క నిమిషం ఆగాలి. ఖాళీ ఫలితం వస్తే బాట్ ఏమంటుంది? "సరిపోదు" అంటే తప్పు. గ్రాఫ్‌లో ఎడ్జ్ లేకపోవడానికి సరిపోకపోవడం ఒక కారణం, ఎవరూ ఎక్కించకపోవడం ఇంకో కారణం. ఆర్‌డీఎఫ్ వాళ్లు దీన్ని ఓపెన్ వరల్డ్ అంటారు: రాయనిది అబద్ధం కాదు, తెలియదు అంతే. మామూలు డేటాబేస్ అలవాటున్నవాళ్లకు లేదంటే లేదనే.

వికీడేటాలో "విలువ లేదు" అని ఒకటి, "విలువ ఉంది కానీ తెలియదు" అని ఇంకొకటి విడివిడిగా రాయొచ్చు. మీరు ఇంకో అడుగు వేయండి. "ఈ మోడల్ ఫ్యూజర్ల జాబితా పూర్తయింది, ఫలానా తేదీన సరిచూశాం" అని మోడల్ మీదే ఒక గుర్తు. అది ఉంటే ఖాళీ ఫలితానికి "సరిపోదు" అనొచ్చు. లేకపోతే "మా దగ్గర వివరం లేదు, సర్వీసు వాళ్లకు పంపుతున్నా" అనాలి. "ఏ మోడళ్లకు ఇది సరిపోదు" లాంటి ప్రశ్నలకు ఈ గుర్తు లేకుండా అసలు జవాబు చెప్పకూడదు.

వెక్టర్‌వీరుడు:
సరే, ఖాళీ ఫలితం సంగతికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నా. వెక్టర్ సెర్చ్‌లో "లేదు" అన్నదే ఉండదు, ఎప్పుడూ ఏదో ఒక దగ్గరి ముక్క వస్తూనే ఉంటుంది. నా భయం ఒక్కటే. ఇదంతా పోషించేదెవరు? గూగుల్ అంతటి సంస్థే 2010లో మెటావెబ్ కంపెనీని కొని తెచ్చుకున్న ఫ్రీబేస్ అనే నాలెడ్జ్ గ్రాఫ్‌ను 2016లో మూసేసింది. ఈ టీమ్ వెళ్లిపోయాక రవళి గారి గ్రాఫ్ గతేమిటి?

పాతకాపు:
న్యాయమైన భయమే. ఫ్రీబేస్ డేటాలో కొంత వికీడేటాకు చేరింది. వికీడేటా నిలబడటానికి పెద్ద కారణం, అందులో రాసేవాళ్లు వేరు, వాడేవాళ్లు వేరు కాకపోవడం. వికీపీడియా వాళ్లకే అది రోజూ కావాలి.

రవళి గారి దగ్గర అదే సూత్రం పనిచేస్తుంది. గ్రాఫ్ బాట్ టీమ్ సొత్తు కాకూడదు. సర్వీసు వాళ్లు తమ పట్టిక మానేసి ఇందులోనే దిద్దేలా ఒక మామూలు ఫారం పెట్టండి. వాళ్లకు గ్రాఫ్ అన్న మాట కూడా తెలియనక్కర్లేదు. వాళ్ల పట్టిక విడిగా బతికున్నంతకాలం, మీ గ్రాఫ్ దానికి పాతబడిన కాపీయే.

కస్టమర్ల సీరియల్ నంబర్లు, కొనుగోళ్లు మాత్రం ఇదే గ్రాఫ్‌లో కలపకండి. ఆ సమాచారం విడిగా, అనుమతులతో ఉండాలి. సంభాషణ సమయంలో ఆ ఒక్క కస్టమర్ వస్తువును తెచ్చి మోడల్ నోడ్‌కు తగిలించి, అయిపోగానే వదిలేయండి.

రవళి_కె:
అందరికీ థ్యాంక్స్. లాగ్‌లు చూశాం. ఎక్కువ ప్రశ్నలు నిజంగానే ఒక్క పేరాతో తీరిపోయేవి, వాటిని కదిలించట్లేదు. ఫ్యూజర్లు, ట్రేలు, ఫర్మ్‌వేర్ ఈ మూడిటితోనే మొదలుపెడుతున్నాం. సిరీస్ జాబితా మీద తయారీ వాళ్ల సంతకం కోసం తిరుగుతున్నా, అది గ్రాఫ్ కంటే పెద్ద ప్రాజెక్టయ్యేలా ఉంది. చివరిగా ఒక్కటి: బాట్ నిజంగా గ్రాఫ్ చూసే చెబుతోందా, లేక తన సొంత జ్ఞాపకంతో అల్లేస్తోందా అన్నది ఎలా తెలుస్తుంది?

సింధు_లింక్స్:
టెస్ట్ కాపీలో ఎడ్జ్‌లు తీసేసి, తిప్పేసి అడగండి. నిజంగా సరిపోయే ఒక ఫ్యూజర్ ఎడ్జ్ తీసేస్తే "వివరం లేదు" అనాలి. సరిపోనిదానికి దొంగ ఎడ్జ్ వేస్తే "సరిపోతుంది" అనాలి, మూలం కూడా ఆ దొంగ ఎడ్జ్‌దే చూపాలి. ఈ రెండిటిలో ఏది తప్పినా ఎల్ఎల్ఎం తన తలలోంచి చెబుతోందన్నమాట. అప్పుడు ప్రాంప్టులో బతిమాలుకోవద్దు. "సరిపోతుంది, సరిపోదు, తెలియదు" అన్న ముక్కను క్వెరీ ఫలితాన్ని బట్టి మీ ప్రోగ్రామే రాయాలి, చుట్టూ ఉండే మర్యాద మాటలు మాత్రం ఎల్ఎల్ఎంకు వదిలేయండి. ప్రతి కొత్త ఎల్ఎల్ఎం వెర్షన్‌కూ ఈ పరీక్ష మళ్లీ నడపండి, పోయినసారి నెగ్గింది కదా అని వదిలేయకుండా.

రవళి_కె:
దొంగ ఎడ్జ్ ఐడియా భలే ఉంది. ఫ్యూజర్లతో నడిపి ఫలితాలు ఇక్కడే పెడతాను.